నీళ్లు వద్దన్న మనిషి

ఫైర్ సర్వీసులో ఉన్నన్నాళ్లూ నాకు అనుమానపు మనిషినని పేరుండేది. ఆ పేరు విని నేనెప్పుడూ నొచ్చుకోలేదు. చెప్పాలంటే లోలోపల కాస్త గర్వమే ఉండేది. ఈ మధ్య కొత్తగా చేరిన పిల్లలు నలుగురు ఎల్బీనగర్‌లోని మా ఇంటికొచ్చి, సర్వీసు మొత్తంలో మరిచిపోలేని మంట ఏదని అడిగారు. గొప్పగా చెప్పుకోవడానికి రెండు మూడు ఉన్నాయి. అవి చెప్పి, చాయ్ తాగించి పంపించాను. చెప్పకుండా దాచుకున్నది ఒకటుంది. వాళ్లకు పనికొచ్చేది అదేనని వాళ్లు వెళ్లిపోయాక అనిపించింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

అప్పటికి దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేవు. పండ్ల మార్కెట్ ఇంకా ఊరి బయట బాటసింగారం పోలేదు, బస్తీల నడుమనే ఉండేది. మామిడికాయల సీజన్ వచ్చిందంటే లారీలు, ఆటోలు, తోపుడు బండ్లు కలిసి రోడ్డును మింగేసేవి. మా బండి గంట కొట్టుకుంటూ వెళ్తుంటే జనం పక్కకు జరగకపోగా తలెత్తి మంట ఎక్కడా అని ఆకాశం వైపు చూసేవాళ్లు. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి ఈ ఉద్యోగంలో చేరిన నేను అప్పటికి లీడింగ్ ఫైర్‌మన్‌ను. అంటే బండి మీద ఆఫీసరు లేనప్పుడు చెప్పే మాట నాదే.

నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని రిపోర్టులు నాతోనే రాయించేవారు. మంట ఎలా పుట్టిందో రాసే కాలమ్ ఒకటుంటుంది. మిగతావాళ్లు అందులో కరెంటు అనో, బీడీ ముక్క అనో రాసి చేతులు దులుపుకునేవాళ్లు. నేను అట్లా వదలను. ఒకసారి మలక్‌పేటలో దర్జీ దుకాణం కాలిపోతే, బూడిదలో ఒక్క మిషను ఇనుప ముక్కయినా లేదని గమనించి యజమానిని నిలదీశాను. ముందురోజే మిషన్లన్నీ బావమరిది ఇంటికి చేర్చి, ఇన్సూరెన్సు డబ్బు కోసం తానే అంటించానని వాడు ఒప్పుకున్నాడు. ఆ దెబ్బతో స్టేషన్‌లో నా మాటకు బరువు వచ్చింది. తర్వాత ఏ మంట దగ్గరికెళ్లినా నా కళ్లు ముందు జనం మొహాల మీదికి పోయేవి. నేను చెడిపోయింది అక్కడేనని ఇప్పుడు తెలుస్తోంది.

నాతో పదకొండేళ్లు ఒకే బండి మీద పనిచేసిన ఫైర్‌మన్ ఒకాయన ఉండేవాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి చైతన్యపురిలో స్థిరపడ్డాడు. వయసులో నాకంటే నాలుగేళ్లు పెద్ద, ర్యాంకులో నాకంటే ఒక మెట్టు కింద. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు. మంట దగ్గర మాత్రం నేను చెప్పింది ఆయన మారుమాట లేకుండా చేసేవాడు. పొయ్యి మీద పాలు పొంగినా మా తమ్ముడు పాలవాణ్ని పట్టుకొచ్చి విచారిస్తాడని స్టేషన్‌లో అందరినీ నవ్వించేవాడు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం మూడు గంటలప్పుడు మొదటి కాల్ వచ్చింది. మార్కెట్ వెనక సందులో ఒక ప్రైవేటు గోడౌన్. రేకుల కప్పు, ఒకటే షట్టరు, లోపల మామిడికాయల డబ్బాలు, వాటి మధ్య వరిగడ్డి. మంట పెద్దదేమీ కాదు. వెనక మూలన మంచమంత మేర గడ్డి అంటుకుంది. మేం వెళ్లేసరికి నలభై అయిదేళ్ల ఆడమనిషి ఒకామె నడుముకు గోనెపట్టా చుట్టుకుని గంపతో ఇసుక తెచ్చి దాని మీద పోస్తోంది. ఆ గోడౌన్‌లో గడ్డి పరిచి, కాయలు ఏరే కూలీ. పైపు లాగుతుంటే మాకు అడ్డం వచ్చింది. నీళ్లు వద్దని, ఇసుకతోనే ఆరిపోతుందని అంది. పక్కకు జరగమని గదమాయించి నీళ్లు కొట్టాం. మంట ఒక్కసారి భగ్గుమని రేకుల దాకా లేచింది, తర్వాత కుంగి ఆరిపోయింది.

లోపల వెల్లుల్లి వాసన వచ్చింది. కూలీల సద్దిమూటలు కాలాయనుకున్నాను. తిరిగొచ్చాక చూస్తే నా బూట్ల నిండా తెల్లటి సున్నం లాంటి బురద. గోడకు కొట్టిన సున్నం కారిందనుకున్నాను. మొహాలు చదువుతానని గర్వపడే నేను ముక్కును, బూట్లను పట్టించుకోలేదు.

పన్నెండు రోజులకు అదే గోడౌన్, అదే మూల, దాదాపు అదే వేళ. ఆమె మళ్లీ ఉంది. ఈసారి వచ్చి పైపునే పట్టుకుంది.

"నీళ్లు కొడితే ఇంకెక్కువైతది సారూ. జర నా మాటినుండ్రి."

ఎందుకని అడిగాను. ఆమె జవాబు చెప్పబోయి నా భుజం మీదుగా చూసింది. వెనక గోడౌన్ యజమాని నిలబడి ఉన్నాడు. అందరూ సేటు అంటారు. ఇక్కడి పాత ఊరి రైతు కుటుంబమే, సొంత జాగాలో గోడౌన్ కట్టుకున్నాడు. ఆమె నోరు మూసుకుంది. సేటు నింపాదిగా నా దగ్గరికొచ్చి, దానికి దిమాక్ సక్కగ లేదు, పట్టించుకోవద్దన్నాడు. కాలుతున్నది ఆయన సరుకే కదా, ఆయన్ని అనుమానించడానికి నాకు కారణం కనపడలేదు. నీళ్లు కొట్టొద్దనే మనిషి మాత్రం నాకు అంతకుముందు ఎక్కడా ఎదురుపడలేదు. ఇల్లు కాలుతుంటే ఎవరైనా నీళ్ల కోసం కాళ్లు పట్టుకుంటారు. ఈమె పైపు పట్టుకుంది.

ఆ సాయంత్రమే సందు మొదట్లో చాయ్ హోటల్ దగ్గర నిలబడి వాకబు చేశాను. చలికాలంలో సేటు ఆమెను పనిలోంచి తీసేశాడట. సీజన్ వచ్చాక, ఆమెలాగా గడ్డి పరిచేవాళ్లు దొరక్క మళ్లీ పిలిచాడట. వెనక మూలలో పని ఆమెదే. అక్కడికి వెళ్లేది బువ్వ తిన్నాక, అంటే మధ్యాహ్నం. రెండు మంటలూ మధ్యాహ్నమే. పనిలోంచి తీసేసిన కోపం ఉంది, చోటు ఆమెది, వేళ ఆమెది, ఆర్పుతుంటే అడ్డం వచ్చింది. నాకు ఇంకేం కావాలి?

స్టేషన్‌కు వచ్చి అన్నకు చెప్పాను. ఎప్పుడూ నవ్వేవాడు, ఆ రోజు నవ్వలేదు.

"తగలబెట్టేవాళ్లు మనల్ని చూసి తప్పుకుంటారు గానీ, ఎదురుగా నిలబడి వాదిస్తారా తమ్ముడూ? ఆవిడ వద్దంటోంది నీళ్లొక్కటే. ఇసుక తనే పోస్తోంది కదా."

అదే తెలివంటే, ఇసుక పోస్తున్నట్టు నటిస్తే ఎవరూ అనుమానించరని వాదించాను. ఆయన భుజాలెగరేసి బూట్లు ఎండలో పెట్టుకోవడానికి వెళ్లాడు.

మర్నాడు మార్కెట్ దగ్గర డ్యూటీలో ఉన్న హెడ్ కానిస్టేబుల్‌తో మాట్లాడి, రోడ్డు ఇవతలి నుంచే ఆమెను వేలు పెట్టి చూపించాను. వాళ్లు ఆమెను స్టేషన్‌కు తీసుకెళ్లి పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. మరుసటి రోజు మళ్లీ పిలిచారు. ఏమీ తేలలేదు. పోలీసులు పిలిచిన మనిషి తనకొద్దని సేటు ఆమెను పనికి రావద్దన్నాడు. ఒక పని చక్కబెట్టినట్టే అనుకున్నాను. కొన్నాళ్లు ఆ గోడౌన్ నుంచి కాల్ రాలేదు. నేను అనుకున్నదే నిజమని ఇద్దరు ముగ్గురితో అన్నాను కూడా.

తర్వాతి వారం మళ్లీ అక్కడి నుంచే కాల్ వచ్చింది. మధ్యాహ్నం మూడున్నర. ఆఫీసరు గారు రెండో బండి వేసుకుని నాగోల్ వైపు ఇంకో కాల్ మీద ఉన్నారు. మా బండికి నేనే పెద్ద. సందు మలుపు తిరగకముందే రేకుల మీద నల్లటి పొగ కనపడింది. ఇది ముందటి రెండింటి లాంటిది కాదు. వెనక గోడ వెంబడి డబ్బాల వరసలు అంటుకున్నాయి. హోంగార్డు ఒకతను తాడు పట్టుకుని జనాన్ని ఆపుతున్నాడు. సేటు కనపడలేదు.

పైపు కలుపుతుంటే రోడ్డు వైపు నుంచి ఆమె పరిగెత్తుకుంటూ రావడం చూశాను. ఆమె వేరే దుకాణంలో కాయలు ఏరే పనికి కుదిరిందని, పొగ చూసి వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నా తలలో ఒకటే మాట. పని పోయినా మంట దగ్గరికి వచ్చింది. ఇప్పుడు దొరికింది. ఆమెను పట్టుకొమ్మని, వదలొద్దని హోంగార్డుకు కేకేశాను. అతను ఆమె రెక్క పట్టి తాడు అవతలే ఆపాడు. అన్న పైపు మూతి పట్టుకుని షట్టరు కింద నుంచి లోపలికి దూరాడు. మూడో వరస దాకా వెళ్లి, వెనక్కి తిరిగి నా వంక చూశాడు. పంపు మోత చెవులు పగలగొడుతోంది. ఆ మోతలోనే ఆమె గొంతు.

"కొట్టకుండ్రి సారూ, ఎనక డ్రమ్మున్నది. మందు డ్రమ్మున్నది."

నేను చెయ్యెత్తి, కొట్టమని సైగ చేశాను.

నీళ్లు మూల దాకా చేరి ఉంటాయి, అంతే. తెల్లటి వెలుగొకటి లేచింది. రేకు చీలినట్టు శబ్దం. షట్టరు బయటికి ఉబ్బింది, నేను కింద పడ్డాను. లేచి చూస్తే అన్న వెనక్కి వెనక్కి అడుగులేస్తూ బయటికి వస్తున్నాడు. హెల్మెట్ లేదు. ఎడమ చెయ్యి ఒంటికి దూరంగా పెట్టుకుని ఉన్నాడు, అది తనది కానట్టు. అరవలేదు. నా దగ్గరికొచ్చి, కనుబొమలు లేని మొహంతో, లోపల ఇంకెవరూ లేరు తమ్ముడూ అని చెప్పి కూర్చుండిపోయాడు.

ఆయన్ని జీపెక్కించేలోగా ఆఫీసరు గారి బండి వచ్చింది. ఆయన దిగి ఒక్కసారి గాలి పీల్చి, కార్బైడ్, నీళ్లు ఆపుండ్రి అన్నారు. మూడు మంటల్లో నాకు తట్టనిది ఆయనకు ఒక్క శ్వాసలో తెలిసింది. పొడి సిలిండర్లు దింపారు. హోంగార్డు ఆమెను ఎప్పుడు వదిలాడో తెలియదు, ఆమె మళ్లీ గంపతో ఇసుక మోస్తోంది. ఈసారి హమాలీలు, మావాళ్లు అందరూ ఆమె వెనక మోశారు.

కాయలు తొందరగా పండటానికి ఆ కార్బైడ్ మందు పొట్లాలు డబ్బాల్లో పెడతారు. అది నిషేధం, అందుకే డ్రమ్మును గోనెసంచులు కప్పి దాచారు. దాని మీద నీళ్లు పడితే వెల్లుల్లి వాసన కొట్టే, మండే గ్యాసు వస్తుంది, సున్నం లాంటి బురద మిగులుతుంది. ఇది నాకు తెలియనిది కాదు. డిపార్టుమెంటు పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, సరిగ్గానే రాశాను. మరి మంటలు ఎవరు పెట్టారంటే, ఎవరూ పెట్టలేదు. మధ్యాహ్నం ఎండ ముదిరాక కాయల కోసం కూలర్ వేసేవాళ్లు. దాని నీళ్లు కారి, గడ్డి కింద రాలిపడిన పొట్లాల దాకా పాకేవి. పైన గోడకు పాత స్విచ్‌బోర్డు, అందులో నిప్పురవ్వలు. వేళ ఎందుకు కలిసిందో, చోటు ఎందుకు కలిసిందో పై ఆఫీసు నుంచి వచ్చినాయన అరగంటలో తేల్చారు. గోడౌన్‌కు తాళం పడింది. సేటు మీద కేసయింది, చాలా ఏళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు.

అన్నను ముందు మలక్‌పేట దవాఖానకు, అక్కడి నుంచి కాలిన గాయాల వార్డున్న పెద్ద దవాఖానకు తీసుకెళ్లారు. నాలుగో రోజు నేను ఆ కూలీ ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. మార్కెట్ వెనక బస్తీలో ఒకటే గది, కిరాయిది. యూనిఫారం లేకుండా వెళ్లాను, అయినా గుర్తుపట్టింది. గడప దాటనివ్వలేదు. తప్పు నాదేనని, ఆమె మంచికే చెప్పిందని ఇప్పుడు తెలిసిందని అన్నాను. ఆమె నా మొహం చూడలేదు. నా చొక్కా జేబులో ఉన్న పెన్ను చూస్తోంది.

"గిప్పుడెందుకొచ్చిండ్రు? ఏం రాపిస్తరు నాతోని?"

ఏమీ రాయించనని, మాట చెప్పి పోదామని వచ్చానని అన్నాను.

"గా దినం నేనేమనలే. పోలీసోళ్లకు గూడ గదే చెప్పిన. పండ్ల మార్కెట్ల పని చేసుకొని బతికేదాన్ని. నన్ను గిండ్లకు గుంజకుండ్రి సారూ."

ఎవర్నీ గుంజనని మాటిచ్చాను. ఆమె నమ్మలేదు. తలుపు వేసుకుంది, లోపల గడియ పెట్టిన చప్పుడు వినపడింది. నేను వెళ్లిపోయానో లేదోనని ఆమె తలుపు వెనకే నిలబడి ఉందని నాకు అనిపించింది. సందు చివరిదాకా వెనక్కి తిరగలేదు.

డిపార్టుమెంటు విచారణ మొదలైంది. విచారణ ఆఫీసరు గారు మెత్తగా మాట్లాడే మనిషి. లోపల డ్రమ్ము ఉందని ముందుగా ఎవరైనా హెచ్చరించారా అని అడిగారు. హోంగార్డు అప్పటికే, ఏదో అరుపు తప్ప మాటలు తెలియలేదని చెప్పాడు. ఆమె తానేమీ అనలేదని పోలీసులకు చెప్పి ఉంది. పంపు మోతలో నాకేమీ వినపడలేదని నేను రాసిచ్చాను. ఆమెకు ఇచ్చిన మాట కోసమే అట్లా రాశానని బస్సులో ఇంటికి వస్తూ నాకు నేను చెప్పుకున్నాను. ఇంతమందిని అనుమానించిన నేను, ఆ ఒక్క మాటను ఎందుకు అంత సులువుగా నమ్మానో.

రెండు రోజుల తర్వాత వార్డుకు వెళ్లాను. అన్న మొహం వాపు తగ్గింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా కట్టు. వదినగారు నన్ను చూసి స్టూలు జరిపి, మందులు తెస్తానని బయటికి వెళ్లారు. ఆయన కాసేపు స్టేషన్ సంగతులు అడిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఎంక్వయిరీ ఆయన నిన్న ఇక్కడికొచ్చారు తమ్ముడూ. ఎవరో ఆడమనిషి అరిచింది వినబడిందా అని అడిగారు. లేదన్నాను."

నేను స్టూలు మంచం దగ్గరికి లాక్కున్నాను.

"నాకు వినబడింది. డ్రమ్ము అన్నది కూడా వినబడింది. అందుకే తిరిగి నీ వంక చూశాను. నువ్వు కూడా విన్నట్టే కనబడ్డావు. విని కూడా కొట్టమన్నావంటే, నీకు ఇంకేదో తెలిసే ఉంటుందని కొట్టాను." ఆగి అడిగాడు. "వినబడిందా నీకు?"

"ఇన్న అన్నా."

ఆయన కళ్లు మూసుకున్నాడు. తిడతాడేమోనని చూశాను, తిట్టలేదు. తలగడ కొంచెం పైకి జరపమన్నాడు. జరిపాను. 

ఆయన బతికాడు, బాగానే ఉన్నాడు. ఎడమ చేతి వేళ్లు మూడు మళ్లీ ముడుచుకోలేదు. బండి దింపి కంట్రోల్ రూములో ఫోన్ల దగ్గర వేశారు. నాకు ప్రమోషన్ చాలా ఏళ్లు ఆగింది, ఆగాల్సిందే. ఆయనింట్లో పెళ్లికి నేను వెళ్లాను, నా రిటైర్మెంటుకు ఆయన వచ్చాడు. ఆ మంట గురించి మా మధ్య మళ్లీ మాట రాలేదు. కానీ ఏదైనా విషయంలో నా సలహా అడిగాక, ఇంకొకరిని కూడా అడిగి చూస్తాడు. అది నాకు కనపడకుండా చేస్తాడు. నాకు కనపడుతుంది.

వార్డు నుంచి బయటికొచ్చిన ఆ రోజే నేను విచారణ ఆఫీసుకు వెళ్లాను. నా కాగితం వెనక్కి ఇమ్మన్నాను. ఇస్తే మీకే నష్టమని ఆయన నెమ్మదిగా చెప్పారు. కొత్త కాగితం తీసుకుని, ఒక కూలీ మనిషి హెచ్చరించిందని, రెండుసార్లు అంతకుముందు, ఒకసారి ఆ రోజు, నేను స్పష్టంగా విన్నానని, నమ్మలేదని రాశాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎవరామె? పేరు రాయుండ్రి."

"తెల్వది సార్."

"మూడుసార్లు చూసిండ్రు. పోలీసోళ్లకు చూపెట్టిందీ మీరే. పేరు తెల్వదా?"

తెలియదనే మళ్లీ చెప్పాను. అది నిజం. రోడ్డు ఇవతలి నుంచి వేలు చూపించినప్పుడు పేరు అవసరం పడలేదు. గడప దగ్గర నిలబడి తప్పయిందన్నప్పుడు కూడా అడగాలని తోచలేదు. ఆమెను కాపాడటానికి దాస్తున్నానని ఆఫీసరు గారు అనుకున్నారు. చాలాసేపు నా కళ్లలోకి చూశారు, అబద్ధం చెప్పే మనిషి ఎక్కడ తడబడతాడో అక్కడ వెతుకుతూ. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఎన్నో ఏళ్లు నేను జనాన్ని చూసింది అట్లాగే. చివరికి ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, కాగితం అడుగున, సాక్షి పేరు చెప్పుటకు నిరాకరించినాడు అని రాసుకున్నారు.